కోనీ మాట్లాడుతున్నాను

ఏప్రిల్ 14, 1998. మంగళవారం

బాబిట్ బెయిల్ బాండ్స్‌లో ఇది నా రెండో రోజు. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు, అందుకే చేరాను. వేరే కారణమేం లేదు.

జైలు గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఒకటే పెద్ద గది, వెనకాల చిన్న గది. ముందు వైపంతా అద్దం కిటికీ. ఆ కిటికీ బయట పావలా వేసి మాట్లాడే ఫోన్ డబ్బా. ఓనరు జుయెల్ బాబిట్ గారికి డెబ్భై రెండేళ్ళు. నోట్లో ఎప్పుడూ ఒక సన్న చుట్ట ఉంటుంది, ముట్టించదు. డాక్టరు ముట్టించొద్దన్నాడట, పెట్టుకోవద్దనలేదట.

నిన్న ఆవిడ నేర్పిన పాఠం గట్టిగా పది నిమిషాలు. బెయిల్ సొమ్ములో పదో వంతు మాకు కట్టాలి. ఇల్లో వాకిలో ఉన్నవాళ్ళెవరైనా జామీను సంతకం పెట్టాలి. అప్పుడు మనిషి బయటికొస్తాడు. వాయిదాకి రాకుండా పారిపోయాడా, సంతకం పెట్టినవాళ్ళ ఇల్లు పోయినట్టే.

"ఇంకోటి. ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నా పేరు కోనీ," అంది. "అసలు పేరు చెప్పావో, రేపు నీ ఇంటి మెట్ల మీద ఎవడో ఒకడు కూర్చునుంటాడు."

"అసలు కోనీ ఎవరండీ?"

"నా రెండో మొగుడి మొదటి పెళ్ళాం. బంగారం లాంటి మనిషి."

నా గొంతు కూడా ఆవిడకి నచ్చలేదు. "నీది పిచ్చుక గొంతు తల్లీ. కిందకి దించు. నిద్రపోతున్న పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు మాట్లాడు. లోపల్నించి ఫోన్ చేసేవాడు హడలిపోయి ఉంటాడు." పొద్దంతా అలాగే మాట్లాడితే సాయంత్రానికి గొంతు అక్కడే ఉండిపోయింది. ఇంటికొచ్చి పిల్లిని పిలిస్తే అది రాలేదు.

ఇక్కడ విన్నది గడప దాటకూడదన్నది చివరి రూలు. అందుకే ఈ నోటుబుక్కు. మా ఆయన హార్లన్ ఉంటే భోజనాల దగ్గర కక్కేసేదాన్ని. హార్లన్ అమరిల్లో అనే ఊళ్ళో వాళ్ళన్నయ్య ఇంటికి కొత్త కప్పు వేస్తున్నాడు. మార్చి ఆరున వెళ్ళాడు. అక్కడ వడగళ్ళు బేస్‌బాల్ అంతేసి పడ్డాయట.

ఏప్రిల్ 15

ఒకాయన ఏడుస్తూ చేశాడు. "మీరు బెయిల్ ఇప్పిస్తారా?"

"ఇప్పిస్తాం సార్. లోపలున్నది ఎవరు?"

"డచెస్."

"పూర్తి పేరు?"

"అంతేనండీ. డచెస్."

"కేసేంటి?"

"పోస్ట్‌మాన్‌ని కరిచింది."

వయసు ఆరన్నాడు, అప్పటికి గానీ కుక్క అని నాకు వెలగలేదు. పశువుల ఆఫీసు నంబరిచ్చాను. "జామీను నేనే ఉంటానని చెప్పండి, నాకు సొంత ట్రాక్టరుంది," అన్నాడు పాపం.

మధ్యాహ్నం ఇంకొకడు. "నా మీద వారెంటేమైనా ఉందేమో చూడండి. కానీ పేరు చెప్పను."

"పేరు చెప్పకపోతే ఎలా చూడను బాబూ?"

కాసేపు ఆలోచించాడు. "సరే, నా పేరులాంటి పేరొకటి చెప్తా. ఎల్రాయ్ గ్యాంట్."

చూశాను. "ఎల్రాయ్ గ్యాంట్ మీద రెండున్నాయి."

"అయ్యో," అన్నాడు. "పాపం, వాడు," అని పెట్టేశాడు.

ఏప్రిల్ 17, శుక్రవారం

పర్విస్ అనే ఆయన. మహా మర్యాదస్తుడు.

"రేపటికి ఒక బెయిల్ కావాలి మేడం."

"ఎప్పుడు అరెస్టయ్యారు సార్?"

"ఇంకా కాలేదండీ. రేపు మా బావమరిదిని కొడతాను. రెండు, రెండున్నర మధ్య. ముందే చెప్పుకుంటే ఏమన్నా తగ్గిస్తారేమోనని."

జుయెల్ గారి వైపు చూశాను. ఆవిడ చుట్ట తీసి, "ఎందుకు కొడతాడో అడుగు," అంది.

"నా గడ్డి కోసే మిషను తీసుకెళ్ళాడండీ. తొంభై నాలుగులో. ఇప్పుడు దాన్ని నాకే అద్దెకిస్తానంటున్నాడు."

"కొట్టనీ," అంది జుయెల్ గారు.

మేము ముందస్తు బుకింగులు తీసుకోం అని చెప్పాను. బాధపడ్డాడు. "పోనీ నా పేరు ఎక్కడన్నా రాసి పెట్టుకోండి." రాసి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 20

హార్లన్ ఫోన్ చేయలేదు. కప్పు పెద్దదనుకుంటా. వాళ్ళన్నయ్యకి షెడ్డు కూడా ఉంది. దానికీ కప్పుంటుంది కదా.

నేను ఉద్యోగంలో చేరానని హార్లన్‌కి ఇంకా చెప్పలేదు. చివరిసారి చేసినప్పుడు చెప్దామనుకున్నాను, నాణేలు అయిపోతున్నాయన్నాడు. అది మార్చి నెలాఖరున.

ఏప్రిల్ 24

పర్విస్ గారు చేశారు. పోయిన శనివారం వాన పడిందట, కొట్టలేదట. "లోపల కొట్టొచ్చు కదా సార్?" అన్నాను, నోరు జారి. "మా ఆవిడ కొత్త కార్పెట్ వేయించిందండీ," అన్నాడు.

అదే రోజు ఒక పెళ్ళికూతురు. పెళ్ళికొడుకు నిన్న రాత్రి స్నేహితులతో వెళ్ళి లోపల పడ్డాడు. పెళ్ళి ఇవాళ నాలుగింటికి. "మూడింటికి ఇచ్చి ఆరింటికి వెనక్కి తీసుకుంటారా? పాస్టర్ ముందు నిలబడితే చాలు. విందుకి అతను లేకపోయినా ఫరవాలేదు, అసలు లేకపోతేనే మంచిది."

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాను. ఇంటికొచ్చాక కూడా తుడుచుకున్నాను.

ఏప్రిల్ 29

అమరిల్లోకి చేద్దామని రిసీవర్ ఎత్తాను. పెట్టేశాను. కప్పు మీదున్న మనిషిని పనిగట్టుకుని కిందకి దింపడం ఎందుకు.

మే 5

థార్ప్ అనే పెద్దావిడ. "నిన్న మీ దగ్గర సంతకం పెట్టి మా వాడిని తీసుకెళ్ళాను. వెనక్కిచ్చేద్దామనుకుంటున్నా."

"ఏమైందమ్మా?"

"ఏం కావాలి? ముప్ఫై నాలుగేళ్ళు వాడికి. వచ్చినప్పటినుంచీ తింటున్నాడు. నా కుర్చీలో కూర్చుని తింటున్నాడు. రసీదు నా దగ్గరే ఉంది."

జామీను వెనక్కి తీసుకోవచ్చని, మనిషి మళ్ళీ లోపలికి వెళ్తాడని చెప్పాను. నిజంగానే అలాంటి రూలుంది.

"ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలి?"

"రోజులేం లేవమ్మా. వాయిదా దాకా ఎప్పుడైనా."

"అలాగా," అంది. తర్వాత మెల్లగా, "ఇవాళ మాంసం వండాను. రేపు చేస్తాను లే," అంది.

ఆ రేపు రాదని నాకు తెలుసు. కొందరు ఆడవాళ్ళకి పౌరుషం ఉండదు.

మే 11, సోమవారం

ఈరోజు రాయడానికేం లేదు. ఎండ.

మే 12

నిన్న పది దాటి పది నిమిషాలకి రెండో ఫోన్ మోగింది. అది జైలు లైను. ముందు మిషను మాట్లాడుతుంది, 'ఇది జిల్లా జైలు నుంచి వస్తున్న కాల్. మాట్లాడదలచిన ఖైదీ...' అని ఆగుతుంది. ఆ ఖాళీలో ఖైదీ తన పేరు తనే చెప్తాడు. మళ్ళీ మిషను, 'ఒప్పుకుంటే ఒకటి నొక్కండి.'

ఆ ఖాళీలో "హార్లన్ డూలీ" అని వినిపించింది.

ఒకటి నొక్కాను. ఎందుకు నొక్కానో అడిగితే చెప్పలేను. వేలు అలవాటుగా వెళ్ళింది.

"బాబిట్ బెయిల్ బాండ్స్, కోనీ మాట్లాడుతున్నాను."

"మేడం, నన్నిక్కడ అన్యాయంగా పెట్టారు."

హార్లనే. అవతల గోలగోలగా ఉంది, ఎవరో గరిటెలు విసిరినట్టు చప్పుడు. అయినా ఆ గొంతు నాకు తెలీదా. నా గొంతు మాత్రం ఆయనకి తెలియలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురం. ఒక్క మాటకి తెలియలేదు సరే. పావుగంట మాట్లాడాం.

ఫారం తీశాను. ఏం చేయాలో తోచనప్పుడు ఫారం నింపమని జుయెల్ గారు చెప్పింది.

"కేసేంటి సార్?"

"చేపండీ."

"చేప?"

"సరస్సులో చేపల పోటీ పెట్టారు కదా శనివారం. మొదటి బహుమతి పడవ. నా చేప అందరికంటే బరువు తూగింది. తూచాక తొట్టెలో వేశారు. మునిగింది."

"చేపలు మునుగుతాయి కదా సార్?"

"అదే నేనూ అన్నాను! ఇది కాస్త తొందరగా మునిగింది. రాయిలా అడుక్కి పోయి కూర్చుంది. వాళ్ళు పైకి తీసి కోశారు."

"ఏముంది లోపల?"

"సీసం గుండ్లు. తొమ్మిది. మీరే చెప్పండి మేడం, చేప మునగడం నేరమా?"

'కేసు' అన్న చోట 'చేప' అని రాశాను.

"ఎత్తు?" ఐదడుగుల పదకొండు అన్నాడు. ఐదడుగుల తొమ్మిదిన్నర. ఆయన చెప్పిందే రాశాను.

"ప్రస్తుతం ఉండే చోటు?"

"సెడార్ కోర్ట్ అపార్ట్‌మెంట్లు, నంబర్ పద్నాలుగు."

సెడార్ కోర్ట్ నేను ప్రతి శనివారం సరుకులు కొనే షాపు వెనకాలే ఉంది. అక్కడి చెత్తడబ్బాల పక్కన కారు పెడతాను, నీడ ఉంటుందని.

"ఎప్పటినుంచి ఉంటున్నారు?"

"మార్చి ఆరు."

"ఇంట్లో ఇంకెవరైనా?"

"డార్లీన్ అని. స్నేహితురాలు. పోటీలో నా జోడీ కూడా ఆవిడే."

"ఒంటి మీద గుర్తులు, పచ్చబొట్లు?"

"ఎడమ భుజం మీద చేప. దాని కింద ఒక పేరుండేది."

"ఉండేదంటే?"

"కప్పించేశానండీ. ఇప్పుడక్కడ ఇంకో పెద్ద చేప ఉంది."

'రెండు చేపలు' అని రాశాను. నా చేతిరాత ఏమీ మారలేదు. తర్వాత చూసుకుని నాకే ఆశ్చర్యమేసింది.

"పెళ్ళయిందా సార్?"

"కాగితాల మీద."

"ఆవిడ పేరు?"

"వెర్నా."

అక్షరాలు చెప్పమన్నాను. అది ఎందుకడిగానో కూడా తెలీదు. సరిగ్గానే చెప్పాడు.

"జామీను సంతకం ఎవరు పెడతారు?"

"వెర్నా పెడుతుంది. ఇల్లు ఆవిడ పేరు మీదే, వాళ్ళమ్మ ఇచ్చింది. కాకపోతే చేప సంగతి, పద్నాలుగో నంబరు సంగతి ఆవిడతో అనకండి. అంతగా అడగదు లెండి. ఆవిడ అలాంటి మనిషి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేస్తుంది."

"మీరే ఆవిడకి ఫోన్ చేసి అడగండి సార్," అన్నాను. "రూలు."

అలాంటి రూలేం లేదు.

మే 13

నిన్న సాయంత్రం ఇంటికొచ్చి సూప్ వేడి చేస్తుంటే ఫోన్. అదే మిషను, అదే ఖాళీ, అదే పేరు. ఇంట్లో నిలబడి వింటే వేరేగా ఉంది.

"వెర్నీ! బంగారం! నిన్ను ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా బయల్దేరాను. ఊరి పొలిమేరలో పోలీసు ఆపాడు. బ్రేకు లైటు వెలగడం లేదట. దానికి లోపలేశారు, నమ్ముతావా?"

"ఎంత బెయిల్?"

"పది వేలు."

"బ్రేకు లైటుకి?"

"రెండు లైట్లూ పోయాయి."

నా పిచ్చుక గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కప్పు ఎలా వచ్చింది హార్లన్?" అని అడిగాను.

కప్పు గురించి ఆరు నిమిషాలు చెప్పాడు! ఏ రంగు, ఎన్ని మేకులు, ఉత్తరం వైపు వాలు ఎక్కువై ఒకసారి జారిపడబోతే వాళ్ళన్నయ్య బెల్టు పట్టుకుని ఎలా ఆపాడో. ఆ జారిపడే చోట నేను నిజంగా 'అయ్యో' అన్నాను. అంత బాగా చెప్పాడు.

"జైలుకెదురుగా బాబిట్ ఆఫీసుంది, రేపు వెళ్ళు. కోనీ అని ఒకావిడ ఉంటుంది. చాలా మంచిది. ఎక్కడ సంతకం పెట్టాలో ఆవిడే చూపిస్తుంది. ఊరికే ప్రశ్నలేసి విసిగించకు ఆవిడని."

ఆలోచిస్తానన్నాను. ఇరవై ఆరేళ్ళలో నేనా మాట ఆయనతో అనలేదనుకుంటా.

సూప్ అడుగంటింది.

మే 14

ఉదయం తొమ్మిదికే చేశాడు. "కోనీ గారూ, మా ఆవిడ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"ఎలా ఉంది?"

"కూర్చుంది. చాలాసేపు కూర్చుంది."

"పెట్టిందా సంతకం?"

"లేదు. ఆలోచిస్తానంది."

"ఏముంది ఆలోచించడానికి?" అని విసుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీలాంటి ఓపిక మా ఆవిడకి ఉంటే నాకీ ఖర్మ ఎందుకు మేడం. మీతో మాట్లాడితే ప్రాణం లేచొస్తోంది. ఇంట్లో ఎప్పుడన్నా నోరు తెరిస్తే కూపన్లూ, పిల్లీ."

కూపన్ల గురించి నేను అంత ఎక్కువ మాట్లాడతానా? పిల్లి గురించి ఒప్పుకుంటాను.

"ఆవిడకి ఏం మాట్లాడాలనుందో మీరెప్పుడన్నా అడిగారా సార్?"

"ఏంటండీ?"

"ఏం లేదు. ఫారంలో ఉంది."

మే 15, శుక్రవారం

పర్విస్ గారు. "మేడం, ఒక చిన్న ఇబ్బందొచ్చింది. నేను మిషను అడగడానికి వెళ్తే మా బావమరిదే ముందు నన్ను కొట్టాడు. వాడిని పట్టుకెళ్ళారు. నా పేరు రాసి పెట్టుకున్నారు కదా, దాన్ని వాడి పేరు మీదకి మార్చడం కుదురుతుందా?"

"మీరే జామీను ఉంటారా?"

"ఉండక చస్తానా అండీ. మిషను వాడి గరాజులో ఉంది, తాళం వాడి జేబులో ఉంది."

ఆయన వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు. కంటి కింద ఇంత వాపు. మనిషి మాత్రం చాలా తృప్తిగా ఉన్నాడు.

మూడింటికి మామూలు లైను మోగింది. ఆడమనిషి, ముక్కుతో మాట్లాడే గొంతు. "డూలీ కేసు గురించి. నా పేరు డార్లీన్."

పెన్ను పక్కన పెట్టాను. నెల రోజులుగా నాకు తెలియకుండానే ఎవరిమీదో దాచుకున్న తిట్లు వరసగా నోటిదాకా వచ్చాయి. "చెప్పండి మేడం," అన్నాను.

"బెయిల్ కడితే పడవ ఎప్పుడిస్తారు?"

"ఏ పడవ?"

"నాది. పోటీకి వేసుకెళ్ళింది. సాక్ష్యం అని పట్టుకుపోయి యార్డులో పెట్టారు. మా నాన్న పడవ అది. దాన్ని విడిపించడానికి ఎంతవుతుంది?"

"మేము మనుషులనే విడిపిస్తాం మేడం. డూలీ గారిని..."

"ఆయన్ని అక్కడే ఉంచుకోండి! నాకేం చెప్పాడో తెలుసా? వాళ్ళావిడ పోయిందని చెప్పాడు. నిమోనియాతో. నేను ఏడ్చాను కూడా. నిన్న ఆయన పెట్టెలో ఆవిడ రాసిన పుట్టినరోజు కార్డు దొరికింది, ఈ ఫిబ్రవరిది."

గులాబీలున్న కార్డు. నాకు గుర్తుంది. డాలరు డెబ్భై ఐదు.

"ఆవిడ బతికే ఉంది," అన్నాను.

"నాకూ అలాగే అనిపించింది," అంది డార్లీన్. తర్వాత, "ఎలా ఉంటుందో పాపం," అంది.

ఒక్క తిట్టు కూడా బయటికి రాలేదు. యార్డు నంబరు, అక్కడి గుమస్తా పేరు ఇచ్చాను. ఉదయం పూట వెళ్తే మర్యాదగా ఉంటాడని కూడా చెప్పాను.

మే 16

నిమోనియా!

మే 18

జుయెల్ గారికి చెప్పేశాను. చెప్పాలనుకోలేదు. ఆవిడ హార్లన్ ఫారం చదువుతూ, "ఈ చేపవాడి పెళ్ళాం ఎందుకు రావడం లేదు? నువ్వు మాట్లాడావా ఆవిడతో?" అంది.

"రోజూ మాట్లాడుతున్నానండీ," అని ఏడ్చాను.

మొత్తం విన్నది. చుట్ట ఇటునుంచి అటు మార్చింది. "నిన్ను గుర్తుపట్టలేదా?"

"లేదండీ."

"ఎన్నిసార్లు మాట్లాడావు?"

"పదకొండు."

కాసేపు కిటికీలోంచి జైలు వైపు చూసింది. "నా ముగ్గురు మొగుళ్ళలో ఇద్దరిని ఈ బల్ల మీదనుంచే విడిపించాను. ఒకడు థాంక్స్ చెప్పాడు. ఒకడు నా కారేసుకుని పోయాడు. నేను నీకు చెప్పేదేం లేదు తల్లీ. నువ్వు సంతకం పెడితే పదో వంతు కూడా తీసుకోకుండా ఇప్పుడే విడిపిస్తాను. పెట్టకపోతే ఆ కాగితం చింపేస్తాను."

జామీను కాగితం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసిచ్చి, కాఫీ కలపడానికి లోపలికి పోయింది.

సంతకం ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. నెల రోజులుగా ఎంతమందికో చూపించాను, ఇదిగో ఇక్కడ, గుర్తు పెట్టిన చోట. అమ్మ ఆ ఇంటి బాకీ తీర్చడానికి పందొమ్మిదేళ్ళు స్కూల్లో వంట చేసింది. దాని గురించి ఆలోచించాను అని రాస్తే బాగుంటుంది. నిజానికి ఆలోచించింది ఆ ఆరు నిమిషాల గురించి. వాళ్ళన్నయ్య బెల్టు పట్టుకుని ఆపడం గురించి. నేను 'అయ్యో' అన్నాను కదా, అప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు ఆయన. నా అయ్యో మీద నుంచే నడుచుకుంటూ పోయాడు.

పెన్ను మూత పెట్టాను.

"పంచదారెంత?" అని లోపల్నించి అడిగింది.

"రెండు చెంచాలు," అన్నాను.

మే 19

ఇంటికి ఫోన్ చేశాడు. పెట్టనని చెప్పాను. కారణం అడిగాడు. "సెడార్ కోర్ట్, పద్నాలుగు," అన్నాను. కోనీ చెప్పిందా అని అరిచాడు. "ఎవరూ చెప్పలేదు, నువ్వే చెప్పావు," అన్నాను. నేనెప్పుడు చెప్పానంటాడు. నిమిషాలు అయిపోయి లైను తెగింది.

మే 20

కోనీకి ఫోన్ చేసి వెర్నా మీద ఫిర్యాదు చేశాడు. ఇరవై నిమిషాలు. నేనూ కొంచెం వంత పాడాను. అదేం బుద్ధో నాకు.

మే 25

రోజూ చేస్తున్నాడు. బెయిల్ మాటే లేదిప్పుడు. అక్కడి బిస్కెట్ల గురించి, పై మంచంవాడి గురక గురించి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేపలు పట్టడానికి తీసుకెళ్ళి ఒడ్డున మర్చిపోయి వచ్చేయడం గురించి. ఆ నాన్న కథ నాకెప్పుడూ చెప్పలేదు. కోనీకి చెప్పాడు. జుయెల్ గారు గడియారం వైపు చూస్తుంది గానీ ఏమీ అనదు.

మే 28

ఇవాళ జైలు లైను మోగితే ఎత్తలేదు. జుయెల్ గారు ఎత్తి, "కోనీ సెలవులో ఉంది," అంది.

జూన్ 2, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న జడ్జి హార్లన్‌ని సొంత పూచీ మీద వదిలారు. జామీను అక్కర్లేకుండా. జైల్లో చోటు చాలడం లేదట, చేప కేసులని ముందు పంపేస్తున్నారు. ఇవాళ పదకొండింటికి గేటు తెరిచారు. కాగితం సంచి చంకలో పెట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, అటూ ఇటూ చూశాడు. ఎవరూ రాలేదు. మా బోర్డు చూశాడు. రోడ్డు దాటాడు.

లేచి లోపలి గదిలోకి పోవచ్చు. పోలేదు.

తలుపు తీశాడు. సన్నబడ్డాడు. నన్ను చూసి ముఖం వెలిగింది, అది నిజంగానే వెలిగింది.

"వెర్నీ! వచ్చావా! నాకు తెలుసు నువ్వొస్తావని. ఇక సంతకం అక్కర్లేదు, వదిలేశారు." చుట్టూ చూశాడు. "కోనీ ఎక్కడ? ఆవిడకి ఒక్కసారి థాంక్స్ చెప్పి పోదాం."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఎత్తాను. "బాబిట్ బెయిల్ బాండ్స్, కోనీ మాట్లాడుతున్నాను."

లైన్లో ఎవరో కుర్రది, తమ్ముడిని ఏదో స్పీడు కేసులో లోపలేశారట. పేరు, వయసు, ఎత్తు, అన్నీ అడిగాను. తొందరపడలేదు. హార్లన్ అక్కడే నిలబడి విన్నాడు. మధ్యలో ఒకసారి సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను పెట్టేసేసరికి ఆయన ముఖంలో రంగు లేదు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"ఏప్రిల్ పదమూడు."

"అంటే అవన్నీ..."

"అన్నీ."

"మా నాన్న గురించి చెప్పింది కూడా..."

"అది కూడా."

ఏదో ఒకటి అంటాడని చూశాను. ఆయన నేల వైపు చూసి, "ఫోన్లో నువ్వు బాగా మాట్లాడతావు వెర్నీ," అన్నాడు. తర్వాత, "ఇంటికెళ్దామా?"

నా గొంతు దానంతటదే కిందకి దిగింది. "మీ ఆవిడని అడగాలి సార్. ఆవిడ నంబరు మీ దగ్గరుంది కదా?"

వెటకారం అనుకుంటే అనుకోనీ. అప్పుడు నాకు వేరే గొంతు లేదు. ఆ గొంతుతోనే నిలబడగలిగాను.

"చిల్లర లేదు," అన్నాడు.

సొరుగులోంచి పావలా తీసి బల్ల మీద పెట్టాను. తీసుకుని బయటికి వెళ్ళాడు. ఇంటికి వెళ్ళిపోతాడనుకున్నాను, ఏ ఇంటికో. కిటికీ బయటి ఫోన్ డబ్బా దగ్గర ఆగి, పావలా వేసి, నంబరు నొక్కాడు. నిజంగా మా ఇంటికే చేశాడు. అద్దానికి అవతల, నాకు నాలుగడుగుల దూరంలో రిసీవర్ చెవిన పెట్టుకుని, నన్నే చూస్తూ నిలబడ్డాడు. అక్కడ ఖాళీ ఇంట్లో ఫోన్ మోగుతుంటుంది. పిల్లి వింటూ ఉంటుంది.

చాలాసేపు మోగనిచ్చాడు. పెట్టేశాడు. పావలా వెనక్కి పడింది. మళ్ళీ వేశాడు.

నా బల్ల మీద ఫోన్ మోగింది.

"బాబిట్ బెయిల్ బాండ్స్, కోనీ మాట్లాడుతున్నాను."

"కోనీ గారూ," అన్నాడు. పెదవులు అద్దం అవతల కదులుతున్నాయి, మాట చెవిలో పడుతోంది. "మా ఆవిడ ఎత్తడం లేదండీ."

"ఏమన్నా చెప్పమంటారా సార్?"

"తప్పయిపోయిందని చెప్పండి."

"దేనికని చెప్పను?"

ఆలోచించాడు. ఆయన అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. "గొంతు గుర్తుపట్టనందుకు," అన్నాడు.

పద్నాలుగో నంబరు అంటాడనుకున్నాను. నిమోనియా అంటాడనుకున్నాను. వాటికైతే నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. దీనికి లేదు.

"చెప్తాను సార్."

"ఇంటికి రానిస్తుందంటారా?"

"రానివ్వదు సార్."

అద్దం అవతల తలూపాడు. రిసీవర్ నెమ్మదిగా తగిలించి, సంచి చంకలో సర్దుకుని, బస్సులు ఆగే వైపు నడిచాడు. ఒకసారి ఆగాడు గానీ అది చెప్పులో రాయి తీసుకోవడానికి.

"ఎవరు తల్లీ ఫోన్లో?" అంది జుయెల్ గారు లోపల్నించి.

"ఒకాయనండీ. వాళ్ళావిడకి ఒక మాట చెప్పమన్నాడు."

"చెప్పావా?"

"చెప్పాను," అన్నాను.